చిన్న కాలేజీ ఊళ్లో మంచి తిండి దొరికే చోటు ఎలా వెతుక్కోవాలి

చదువు కోసమో ఉద్యోగం కోసమో చిన్న ఊరికి కొత్తగా వెళ్లినవాళ్లకు గది దొరికాక మొదలయ్యే టెన్షన్ తిండిదే. పెద్ద నగరంలో ఒక హోటల్ నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. కాలేజీ ఊళ్లో ఉన్నవే కొన్ని. వాటిలో చాలావరకు గేటు ఎదురుగా వరసగా ఉంటాయి, బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఎక్కడో ఒకచోట నాలుగు మెతుకులు తినేస్తే సరిపోతుందిలే అనుకుని మొదటి వారం గడిపేస్తారు, ఆ మొదటి వారపు అలవాటే మూడు నాలుగేళ్లు కొనసాగుతుంది. అందుకే వెళ్లిన కొత్తలోనే కాస్త ఓపికగా వెతకండి. ఏ వరసలో వెతకాలో చెబుతాను.

ముందు ఆ ఊరి తీరు అర్థం చేసుకోండి

జనం ఎక్కువున్న చోట తినమని అందరూ చెబుతారు. మామూలు ఊళ్లో ఆ సలహా బాగానే పనిచేస్తుంది. వంట బాగోకపోతే ఊరివాళ్లు మళ్లీ రారు, హోటల్ మూతపడుతుంది. కాలేజీ ఊళ్లో ఈ లెక్క సగమే నిజం. ఏటా ఒక బ్యాచ్ వెళ్లిపోతుంది, ఏమీ తెలియని కొత్త బ్యాచ్ దిగుతుంది. పాతవాళ్లు విసిగిపోయి మానేసినా కుర్చీలు ఖాళీగా ఉండవు. పైగా క్లాసుకీ క్లాసుకీ మధ్య దొరికే కొద్దిసేపట్లో వెళ్లి తిని రావాలంటే గేటు దాటగానే కనిపించేదే దిక్కు. అక్కడి రద్దీలో చాలా భాగం దగ్గరగా ఉన్నందుకు వచ్చిన రద్దీ, రుచికి వచ్చింది కాదు.

కాబట్టి ఎంతమంది తింటున్నారన్నది పక్కనబెట్టి, ఎవరు తింటున్నారో చూడండి. ల్యాబ్ సిబ్బంది, లైబ్రరీలో పనిచేసేవాళ్లు, ఆస్పత్రి నర్సులు, డ్రైవర్లు, చుట్టుపక్కల షాపులవాళ్లు. వీళ్లు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటారు, ఏది ఎలాంటిదో అన్నీ రుచి చూసే ఉంటారు. వేరేచోటికి వెళ్లే వీలుండీ ఇక్కడికే వస్తున్నారంటే దానికి కారణం ఉంటుంది. వీళ్లూ విద్యార్థులూ కలిసి కూర్చున్న చోటు కనిపిస్తే మీ వెతుకులాట అక్కడ మొదలుపెట్టవచ్చు. సెలవుల్లో కాలేజీ ఖాళీ అయ్యాక కూడా నడిచే హోటల్ మీద నాకు నమ్మకం ఎక్కువ. అది విద్యార్థుల ఆకలి మీదే ఆధారపడి బతకడం లేదు.

ఊరు తిరగండి, అయితే ఆకలితో కాదు

ఆకలి రుచెరుగదు అని పెద్దలన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కడుపు కాలుతున్నప్పుడు ఏ హోటలైనా బాగానే కనిపిస్తుంది. ఏదో కొంచెం తిని, భోజనాల వేళకే బయల్దేరండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. హోటళ్లు ఖాళీగా ఉండే సాయంత్రం పూట తిరిగితే బోర్డులు తప్ప ఏమీ తెలియవు.

గేటు ముందున్న వరస చూశాక అక్కడితో ఆగకండి. బస్సులు ఆగే చోటు, ఆస్పత్రి పరిసరాలు, ఆఫీసులుండే వీధి, అద్దె గదులు ఎక్కువగా ఉండే సందులు కూడా తిరగండి. గేటు నుంచి పది పదిహేను నిమిషాల నడక దూరంలో ఉన్నవాటిని ప్రత్యేకంగా గమనించండి. అంత దూరం పనిగట్టుకుని జనం నడిచి వెళ్తున్నారంటే వాటికి దగ్గరితనం అనే సాయం లేదు, వంటే వాళ్లను రప్పిస్తోంది. అద్దె తక్కువ కాబట్టి అదే డబ్బుకు సరుకు కాస్త మెరుగ్గా వేసే వీలు కూడా వాళ్లకుంటుంది. ఇళ్లలో వండి కొద్దిమందికే పెట్టేవాళ్లు కూడా ఈ సందుల్లోనే ఉంటారు. వాళ్లకు బోర్డు ఉండకపోవచ్చు, అడిగితేనే తెలుస్తుంది.

అడగడం ఎలా

"ఇక్కడ ఏ హోటల్ బాగుంటుంది?" అని అడిగితే అందరికీ తెలిసిన పేరే చెబుతారు. సాధారణంగా అది పుట్టినరోజు పార్టీలకు వెళ్లే చోటు అయి ఉంటుంది. మీకు కావలసింది రోజూ తినే చోటు. ప్రశ్న మార్చండి. "నిన్న రాత్రి ఎక్కడ తిన్నారు?", "జ్వరం వచ్చి తగ్గాక మొదట ఎక్కడ తింటారు?", "మీ ఇంటివాళ్లు చూడటానికి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు?" అని అడగండి. ఈ మూడింటికీ ఒకే పేరు వస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు. వేర్వేరు పేర్లు వస్తే ఏది ఎందుకు పనికొస్తుందో కూడా దాంతోపాటే తెలిసిపోతుంది.

మొదటి సంవత్సరం వాళ్లను అడిగి లాభం లేదు, వాళ్లూ మీలాగే వెతుకుతున్నారు. రీసెర్చ్ చేసేవాళ్లను అడగండి. ఏళ్లుగా అక్కడే ఉంటారు, వేళ కాని వేళల్లో తింటారు, చేతిలో డబ్బు అంతంతమాత్రమే. ఇంతకంటే మంచి సలహాదారు దొరకరు. ఇంకో ప్రశ్న కూడా మరచిపోకండి: "ఎక్కడ మానేశారు, ఎందుకు?" మంచి చోటు గురించి ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. చెడ్డ చోటు విషయంలో అందరి మాటా తొందరగానే ఒకటవుతుంది.

ఆన్‌లైన్ రేటింగులు ఎంతవరకు

చూడండి, కానీ తీర్పు వాటికి వదిలేయకండి. అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఉన్న మైకేల్ లూకా 2011లో వెలువరించిన అధ్యయనంలో అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల ఆదాయాన్ని యెల్ప్ అనే రివ్యూల సైట్ రేటింగులతో పోల్చి చూశారు. ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగిందని తేలింది. ఆ లాభం కూడా ఒకే పేరుతో చాలా చోట్ల నడిచే గొలుసు హోటళ్లకు కాక సొంతంగా నడిచే చిన్న హోటళ్లకే దక్కింది. ఒక స్టార్ వెనక అంత డబ్బు ఉన్నప్పుడు దానికోసం యజమానులు తాపత్రయపడటం సహజం. తెలిసినవాళ్లతో రాయించుకుంటారు, స్టార్లిస్తే తగ్గింపు ఇస్తామంటారు.

చిన్న ఊళ్లో ఇంకో చిక్కుంది. రివ్యూలే తక్కువ. ఇరవై మంది ఇచ్చిన 4.9 కంటే కొన్ని వందల మంది ఇచ్చిన 4.2ను నమ్మడం మేలు. వరసను 'కొత్తవి ముందు' అని మార్చుకుని, గత ఆరు నెలల్లో రాసినవే చదవండి. వంటమనిషి మారితే హోటల్ మారినట్టే, మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పుడు దేనికీ పనికిరాదు. ఒకే వారంలో పొలోమని వచ్చిపడిన అయిదు స్టార్లను పక్కనపెట్టండి. మూడు స్టార్లవాళ్లు మాత్రం తీరిగ్గా రాస్తారు: ఏది బాగుంది, ఏది చల్లారిపోయి వచ్చింది, ఎంతసేపు పట్టింది అన్నీ ఉంటాయి. జనం తీసి పెట్టిన ఫొటోలు చూస్తే పళ్లెంలో నిజంగా ఎంత వస్తుందో తెలుస్తుంది. అధికారుల తనిఖీ ఫలితాలు బహిరంగంగా దొరికే చోట వాటిని తప్పక చూడండి. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 0 నుంచి 5 వరకు శుభ్రత రేటింగ్ ఇస్తారు. న్యూయార్క్‌లో 2010 నుంచి ఏ, బీ, సీ గ్రేడులు తలుపు దగ్గరే కనిపిస్తాయి.

లోపలికి వెళ్లి పది నిమిషాలు గమనించండి

అన్నింటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారానికి అయిదు సూత్రాలు ప్రకటించింది: శుభ్రత, పచ్చివాటినీ వండినవాటినీ వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, తగిన వేడిలో నిల్వ చేయడం, మంచి నీళ్లూ మంచి సరుకూ వాడటం. వంటింట్లోకి వెళ్లి ఇవన్నీ తనిఖీ చేయలేం. కానీ కౌంటర్ దగ్గర ఏ టీనో కాఫీనో తాగుతూ నిలబడితే చాలా సంగతులు తెలుస్తాయి.

మొదట బల్లలు తుడిచే గుడ్డను చూడండి. కళ్లు దాని మీదే ఉంచి, అది ఎక్కడెక్కడికి వెళ్తుందో గమనించండి. ఒక బల్ల మీది మెతుకులు కిందికి తోస్తుంది, అదే గుడ్డ పక్క బల్ల తుడుస్తుంది, తర్వాత భుజం మీదికెళ్తుంది. కాసేపటికి ఎవరో పళ్లెం అంచు మీద నీటి చుక్క ఉందంటే అదే గుడ్డతో తుడిచి ఇస్తారు. ఇది చూశాక అక్కడ కూర్చోవాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది. మంచి చోట గుడ్డను మధ్యమధ్య నీళ్లలో జాడిస్తారు, పళ్లేలకు వేరే గుడ్డ ఉంటుంది.

తర్వాత చేతులు. డబ్బు తీసుకునే మనిషి, వడ్డించే మనిషి వేర్వేరుగా ఉన్నారా? ఒక్కరే అయితే మధ్యలో చేయి కడుక్కుంటున్నారా, గరిటె వాడుతున్నారా? కడుక్కునే చోట సబ్బు ఉందా? సబ్బు గురించి పట్టుబట్టడానికి కారణముంది. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బు పెట్టి నీళ్లతో కడుక్కోవాల్సిందే. హాస్టళ్ల లాంటి కిక్కిరిసిన చోట్ల ఆ వైరస్ ఇట్టే పాకుతుంది.

మూడోది వేడి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహారంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అనుకూలమైన వేడిలో ఉంటే కొన్ని రకాలు దాదాపు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అందుకే వండినదాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దంటారు. గిన్నె మూత తీయగానే ఆవిరి పైకి లేస్తే మంచి సూచన. గోరువెచ్చగా ఉంటే, ముఖ్యంగా అది అన్నమైతే, వద్దనుకోండి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం చాలాసేపు బయట ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. 'వేడి చేసి ఇస్తాంలే' అన్న మాట ఇక్కడ హామీ కాదు.

నూనె సంగతి ముక్కే చెబుతుంది. మళ్లీమళ్లీ కాచిన నూనె నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురగ కడుతుంది, తక్కువ వేడికే పొగ వస్తుంది. వాకిట్లో నిలబడగానే కళ్లు మండి గొంతులో గరగర అనిపిస్తే అక్కడ వేపుళ్లు తినకండి. వేపుళ్లు కాకుండా వేరేవి బాగుండవచ్చు, ఆ సంగతి విడిగా చూసుకోండి.

నీళ్లు, ఐస్, పచ్చిగా కోసి పెట్టే కూరగాయలు, పళ్ల ముక్కలు ఒకే గాటన కట్టండి. వీటిని వేడి శుద్ధి చేయదు. గడ్డకట్టించినంత మాత్రాన నీళ్లలోని సూక్ష్మజీవులన్నీ చావవు. కొత్త చోట మొదటి కొన్నాళ్లు మీ సీసా నీళ్లు మీరు పట్టుకెళ్లడమే మంచిది.

గోడల రంగు, కుర్చీల పాతదనం చూసి మాత్రం లెక్క వేయకండి. పెచ్చులూడిన గోడల మధ్య కూడా శుభ్రంగా వండేవాళ్లుంటారు. వాళ్లను వదులుకుంటే నష్టం మనకే.

మొదటి భోజనం

రద్దీ వేళ మొదలైన కాసేపటికి వెళ్లండి. అప్పుడు గిన్నెలు గబగబా ఖాళీ అవుతుంటాయి, అప్పుడే దించినది మీ పళ్లెంలోకి వస్తుంది. వేళ దాటాక వెళ్తే అడుగున మిగిలింది దొరుకుతుంది, దాన్నిబట్టి ఆ హోటల్‌ను తూచడం న్యాయం కాదు.

మెనూలో ఉన్నవన్నీ నమ్మకండి. చిన్న వంటింట్లో వంద రకాలు రాసి ఉన్నాయంటే వాటిలో చాలావరకు ఫ్రిజ్‌లోంచి రావాలి, లేదా ఒకే పులుసుకు నాలుగు పేర్లు ఉండాలి. పక్క బల్లల మీద ఎక్కువగా కనిపిస్తున్నదే చెప్పండి. అది మామూలు వంటకమైతే మరీ మంచిది. మసాలా దట్టించినదాంట్లో లోపాలు దాగిపోతాయి, సాదా వంటలో దాగవు. సాదాగా ఉడికించిన అన్నం, పప్పు, ఒక కూర బాగా చేయగలిగినవాళ్ల దగ్గర మిగతావి ధైర్యంగా తినవచ్చు. తింటున్నప్పుడు ఉప్పు మీద కాస్త దృష్టి పెట్టండి. తిన్న గంటకు విపరీతంగా దాహం వేస్తే ఉప్పు ఎక్కువ పడిందని చాలావరకు అర్థం. అప్పుడప్పుడూ తినడానికైతే ఫర్వాలేదు గానీ రోజూ తినాల్సిన చోట అది పనికిరాదు.

ఒక్క పూటతో తేల్చేయకండి. వేరే రోజు, వేరే వేళకు మరోసారి వెళ్లండి. ఆదివారం రాత్రి వెళ్లి చూడటం మంచి పరీక్ష. ఎందుకంటే చాలా చోట్ల ప్రధాన వంటమనిషి రాని రోజు అదే. ఆ రోజు కూడా బాగుంటే ఆ హోటల్ ఒక్క మనిషి మీద నడవడం లేదని అర్థం.

ఒకటి కాదు, మూడు పెట్టుకోండి

రోజూ తినే చోటు ఒకటి, ఆలస్యమైన రాత్రుళ్లకు ఒకటి, ఒంట్లో బాగోనప్పుడు తేలికగా తినగలిగేది ఒకటి. ఈ మూడూ ఒకే హోటల్‌లో దొరకడం అరుదు. ఆలస్యంగా తెరిచి ఉండేది సాధారణంగా మిగతా రెండింటికంటే ఒక మెట్టు కిందే ఉంటుంది. అక్కడ అప్పటికప్పుడు మీ కళ్లముందు వేడిగా చేసిచ్చేవే తీసుకోండి.

మీకు ఫలానా పదార్థం పడదంటే ఈ వెతుకులాట ఇంకాస్త జాగ్రత్తగా చేయాలి. యూరోపియన్ యూనియన్‌లో 2014 చివరి నుంచి 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు హోటళ్లవాళ్లు చెప్పితీరాలి. అలాంటి నిబంధన ఉన్నా లేకున్నా వంట చేసే మనిషితోనే నేరుగా మాట్లాడండి. "ఇందులో వేరుశనగ ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. "ఇది ఏ నూనెలో చేశారు, అదే బాణలిలో ఇంకేం వేయించారు?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. తడబడుతూ చెబితే ఆ పూట తినకండి. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ ఉన్నవాళ్లు మొహమాటపడకూడదు.

నెలవారీ డబ్బు కట్టేముందు

మెస్‌లోనో ఇంటి భోజనం పెట్టేవాళ్ల దగ్గరో నెలకు ఒకేసారి కడితే పూటకు కొంత కలిసొస్తుంది. కానీ మొదటి నెల పూర్తిగా కట్టేయకండి, వారానికి కడతానని అడగండి. సెలవు రోజుల సంగతేమిటి, ఊరెళ్తే ఆ పూటలు తగ్గిస్తారా, ఎంత ముందు చెప్పాలి, మధ్యలో మానేస్తే మిగిలింది తిరిగిస్తారా, ఇవన్నీ ముందే మాట్లాడుకుని ఒక చిన్న మెసేజ్ రూపంలో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేకపోయినా నెలాఖరుకు జ్ఞాపకాలు వేరవుతాయి.

డబ్బు కట్టాక వంట పడిపోవడం కూడా జరుగుతుంది. నెల మొదట్లో బాగుండి, మూడో వారంలో కూర పల్చబడుతుంది. అలాంటప్పుడు గొడవ పడేముందు ఒకసారి మెల్లగా అడగండి: "ఈమధ్య కూర పల్చగా ఉంటోంది, వంటమనిషి మారారా?" నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. రోజూ కనబడే మనిషి మర్యాదగా చెప్పిన మాటను చాలామంది పట్టించుకుంటారు. వంట చేసినవాళ్ల పేరు తెలుసుకోండి, బాగున్న రోజు బాగుందని చెప్పండి. కొన్నాళ్లకు "ఇవాళ అది వద్దు, ఇది తినండి" అని వాళ్లే చెప్పడం మొదలుపెడతారు. చిన్న ఊరిలో ఉన్న గొప్ప సౌకర్యం అదే.

పరీక్షలు, సెలవుల రోజులు

పరీక్షల వారాల్లో అందరూ ఒకే వేళకు వచ్చిపడతారు. గేటు దగ్గరి హోటళ్లలో వంట తొందర తొందరగా జరుగుతుంది, సరిగా ఉడకదు. ఆ రోజుల్లో అరగంట ముందు తినడం మంచిది. సెలవులు మొదలైన తొలి రెండు రోజులు, కాలేజీ మళ్లీ తెరిచిన మొదటి రోజు కూడా జాగ్రత్త. వెళ్లేవాళ్లు వెళ్లిపోయాక సరుకు మిగిలిపోతుంది, తెరిచిన రోజు పాత నిల్వ బయటికొస్తుంది.

కడుపు పాడైతే

ఆఖరున తిన్న చోటే కారణమని తేల్చేయకండి. స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషమైతే అరగంట నుంచి 8 గంటల్లో తెలుస్తుంది, నోరోవైరస్ 12 నుంచి 48 గంటలు తీసుకుంటుంది, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు 6 గంటల నుంచి 6 రోజుల వరకు పట్టవచ్చు. రెండు మూడు రోజులు వెనక్కి వెళ్లి ఏమేం తిన్నారో, ఎవరితో తిన్నారో గుర్తు చేసుకోండి. కలిసి తిన్నవాళ్లకూ అదే వస్తే అప్పుడు అనుమానించండి, వెంటనే ఆ హోటల్‌వాళ్లకు చెప్పండి. అంతలో ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. మలంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మీకు తెలిసింది రాసిపెట్టండి

ఇంత వెతికి తెలుసుకున్నదాన్ని మీతోనే తీసుకెళ్లిపోకండి. ప్రతి బ్యాచ్ మళ్లీ మొదటినుంచి వెతుక్కోవడం వల్లే బాగా వండనివాళ్లకూ గిరాకీ ఉంటోంది, బాగా వండేవాళ్లు సందుల్లో ఉండిపోతున్నారు. జూనియర్లకు ఒక పేజీ రాసివ్వండి. "బాగుంటుంది" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ పూట, ఏం తినాలి, ఏ వేళకు వెళ్లాలి, ఏది వద్దు, నెలవారీ షరతులేమిటి, సెలవుల్లో తెరుస్తారా అన్నవి రాయండి. పైన తేదీ వేయండి. వచ్చే ఏడాది ఆ పేజీ అందుకున్నవాళ్లు రెండు చోట్లకు మళ్లీ వెళ్లి చూసి, మారినవి కొట్టేసి, కొత్త తేదీ వేసి కిందివాళ్లకు ఇవ్వాలి.